అవంక్యులర్: ఒక ఇంగ్లీషు విశేషణం వెనుక నిలబడిన మేనమామ

ఇంగ్లీషులో 'అవంక్యులర్' అనే విశేషణం మాటల్లో దాదాపు వినబడదు. పత్రికల్లో, నవలల్లో, జీవితచరిత్రల్లో అప్పుడప్పుడు తగులుతుంది. వయసులో పెద్దవాడై, నెమ్మదిగా మాట్లాడుతూ, ఎదుటివాళ్ల మీద అధికారం చలాయించకుండా వాళ్ల బాగు కోరే మగమనిషిని వర్ణించడానికి రచయితలు దీన్ని ఎంచుకుంటారు. 1962 నుంచి 1981 దాకా అమెరికాలో సీబీఎస్ సాయంకాలం వార్తలు చదివిన వాల్టర్ క్రాంకైట్ గురించి రాసిన వ్యాసాల్లో ఈ మాట తరచు కనిపిస్తుంది. జనం ఆయన్ని 'అంకుల్ వాల్టర్' అనుకునేవారు. నిఘంటువుల్లో దీనికి మొదటి అర్థం 'అంకుల్‌కు సంబంధించిన', రెండో అర్థం 'అంకుల్‌లా దయగా, చనువుగా ఉండే'.

తెలుగువాడికి వెంటనే వచ్చే సందేహం: ఏ అంకుల్? బాబాయా, పెదనాన్నా, మేనమామా? ఇంగ్లీషు 'అంకుల్' ఈ తేడా చెప్పదు. కానీ 'అవంక్యులర్' మూలంలోకి వెళితే జవాబు ఖాయంగా ఉంది. లాటిన్‌లో 'అవుంకులుస్' అంటే అమ్మ అన్నదమ్ముడు ఒక్కడే, మరొకరెవరూ కాదు. ఆ లాటిన్ మాట గురించి గత నూట యాభై ఏళ్లలో పండితులు రాసినది చాలా ఉంది. అందులో ముఖ్యమైన వాదాలను ఇక్కడ తూచి చూస్తాను. ఈ చర్చలో తెలుగు బంధుత్వ పదాలకు నిజమైన పాత్ర ఉందని, అవి ఒక పెద్ద సిద్ధాంతాన్ని పరీక్షించడానికి పనికొస్తాయని నా నమ్మకం.

ముందు లాటిన్ వరుసలు. నాన్న అన్నదమ్ముడు 'పత్రుఉస్', అమ్మ అన్నదమ్ముడు 'అవుంకులుస్', నాన్న అక్కచెల్లెలు 'అమితా', అమ్మ అక్కచెల్లెలు 'మాతెర్తెరా'. నాలుగు బంధాలు, నాలుగు మాటలు. రోమన్ న్యాయగ్రంథాలు ఈ వరుసలను తాతల తరానికీ పొడిగించి, ఎవరు ఎన్నో మెట్టు బంధువో లెక్కగట్టి చెబుతాయి. పాత ఇంగ్లీషులో కూడా ఇలాగే నాలుగు మాటలు ఉండేవి: నాన్న తమ్ముడో అన్నో అయితే 'ఫేడెర', అమ్మ తోడబుట్టినవాడు 'ఏఆమ్', నాన్న తోబుట్టువు 'ఫాథు', అమ్మ తోబుట్టువు 'మోద్రియె'. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వెల్లువెత్తాయి. దాదాపు 1300 నాటికి 'అంకుల్', 'ఆంట్' వచ్చి కూర్చున్నాయి, పాత నాలుగూ వెనక్కి తగ్గాయి. స్కాట్లండులోనూ ఉత్తర ఇంగ్లండులోనూ 'ఈమ్' అనే రూపం మాత్రం చాలాకాలం నిలిచింది.

ఫ్రెంచి వాళ్లకు ఈ రెండూ లాటిన్ నుంచే వచ్చాయి. 'ఓంక్ల్' అన్నది అవుంకులుస్ నుంచి, 'తాంత్' అన్నది అమితా నుంచి. పత్రుఉస్, మాతెర్తెరా రెండూ ఫ్రెంచి నోట నిలవలేదు. అంటే నేడు ప్రపంచమంతా పలికే అంకుల్, ఆంటీలు పుట్టుకతో మేనమామ, మేనత్త. బాబాయిని, పిన్నిని సూచించే మాటలు ఆ దారిలో రాలిపోయాయి. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు తెలుగు పాఠకుడికి కలిగే ఆశ్చర్యం వేరు. 'మేన' అన్న ముందుమాటతో మనం విడిగా గుర్తుపెట్టుకునే ఇద్దరు బంధువులే ఆ రెండు మాటల్లో మిగిలారు.

'అవంక్యులర్' మాత్రం ఈ ఫ్రెంచి దారిలో రాలేదు. చదువుకున్నవాళ్లు లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకున్నారు. ఇంగ్లీషు అచ్చులో ఇది 1830ల నుంచి కనబడుతుంది. చంద్రుడికి 'లూనార్', పంటికి 'డెంటల్', ఆవుకు 'బోవైన్' ఉన్నట్టే, నామవాచకం ఇంటి మాటగా, విశేషణం బడి మాటగా ఉండటం ఇంగ్లీషుకు అలవాటు. 19వ శతాబ్దంలో దీనికి మరో వాడుక కూడా ఉండేది. లండన్ వీధి భాషలో తాకట్టు వ్యాపారిని 'అంకుల్' అనేవారు కాబట్టి ఆ దుకాణానికీ ఈ విశేషణం తగిలించేవారు. ఫ్రాన్సులో అదే దుకాణాన్ని 'మా తాంత్' అని ఆడబంధువు పేరుతో పిలిచారు. ఆ వాడుకలు ఇప్పుడు పోయాయి, దయగల పెద్దమనిషి అర్థమే మిగిలింది.

ఆ దయ ఎక్కడిది? రోమన్ సాహిత్యంలో నాన్న వైపు పత్రుఉస్ కటువైన మనిషి. హోరేసు, పెర్సియస్ కవితల్లో అతను తిట్టేవాడు, తప్పులు పట్టేవాడు. క్రీ.పూ. 56లో కేలియస్ అనే యువకుడి తరఫున కోర్టులో వాదిస్తూ సిసెరో అతని విలాసాల మీద విరుచుకుపడే మనిషిని వర్ణించడానికి ఇదే బంధుత్వాన్ని పట్టుకున్నాడు. దీనికి చట్టం వైపు నుంచి ఒక కారణం ఉంది. క్రీ.పూ. 450 ప్రాంతపు పన్నెండు ఫలకాల శాసనం ప్రకారం తండ్రి పోయిన పిల్లలకు సంరక్షకుడు మగవైపు నుంచి దగ్గరివాడు, అంటే సాధారణంగా పత్రుఉస్. ఆస్తికి వారసుల వరుసలోనూ అతనిదే ముందు స్థానం. అవుంకులుస్‌కు ఆ హక్కూ లేదు, ఆ బాధ్యతా లేదు. పెత్తనం లేని చోట ప్రేమకు తావు ఎక్కువ దొరికింది. మగవైపు, ఆడవైపు బంధువుల మధ్య వారసత్వంలో ఉన్న తేడాను జస్టీనియన్ చక్రవర్తి 543లో ఒక కొత్త శాసనంతో పూర్తిగా తీసేశాడు.

ఈ బంధానికి చరిత్రలో అందరికీ తెలిసిన సాక్ష్యం ప్లినీలది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు పదిహేడేళ్ల చిన్న ప్లినీ తల్లితోపాటు మిసేనంలో మేనమామ ఇంట్లో ఉన్నాడు. మేనమామ పెద్ద ప్లినీ నౌకాదళ అధిపతి, 'ప్రకృతి చరిత్ర' రాసిన మహా పండితుడు. ఆపదలో ఉన్నవాళ్లను తీసుకురావడానికి ఓడలతో వెళ్లి స్టేబియే తీరాన చనిపోయాడు. వీలునామాలో మేనల్లుణ్ని దత్తత చేసుకున్నాడు. చట్టప్రకారం తండ్రి అయ్యాడు. అయినా చాలా ఏళ్ల తర్వాత చరిత్రకారుడు టాసిటస్‌కు ఆ రోజు సంగతులు ఉత్తరంలో రాస్తూ చిన్న ప్లినీ ఆయన్ని 'మా మేనమామ' అనే అంటాడు. దత్తత వచ్చి చేరినా ఆ పిలుపు మారలేదు. చిన్నతనంలో అనాథ అయిన చిన్న కేటోను కూడా మేనమామ లివియస్ డ్రూసస్ ఇంట్లోనే పెంచారు. ఆ కేటోయే తర్వాత తన సవతి అక్క కొడుకు బ్రూటస్‌కు మేనమామగా ఆదర్శమయ్యాడు.

ఇటలీ పండితుడు మౌరీసియో బెత్తీని 1986లో వెలువరించిన పుస్తకంలో ఈ సాక్ష్యాలన్నీ పోగుచేసి, కఠినుడైన బాబాయి, మృదువైన మేనమామ అన్న జంటను రోమన్ సంస్కృతికి ఒక స్తంభంగా నిలిపాడు. చరిత్రకారుడు రిచర్డ్ సాలర్ ఒప్పుకోలేదు. కవుల మూసపాత్రలను నిజ కుటుంబాల మీద రుద్దడం సరికాదని, బాబాయిలు కూడా ప్రేమగా ఉన్న దాఖలాలు ఉన్నాయని ఆయన అభ్యంతరం. సాలర్ హెచ్చరిక న్యాయమైనదే. అయినా ఒక మూస జనం నోట శతాబ్దాలపాటు నిలిచిందంటే దానికి ఆధారమైన అనుభవం కొంతైనా ఉండి ఉంటుంది. ఆ అనుభవం ప్రతి ఇంట్లో ఉందని అనుకోకపోతే చాలు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. 'అవుస్' అంటే లాటిన్‌లో తాత. 'అవుంకులుస్' దానికి చిన్నదనం తెలిపే ప్రత్యయం చేరిన రూపం. అక్షరార్థం 'చిన్న తాత'. మేనమామను చిన్న తాత అని ఎందుకన్నారు?

ఈ ధాతువు లాటిన్‌కు మాత్రమే సొంతం కాదు. హిట్టైట్‌లో 'హుహ్హస్', అర్మేనియన్‌లో 'హవ్' రెండూ తాతకే పేర్లు. లిథువేనియన్ 'అవీనస్', పోలిష్ 'వూయ్' మాత్రం అమ్మ అన్నదమ్ముణ్ని సూచిస్తాయి. జర్మన్ 'ఓహైమ్', ఇందాకటి పాత ఇంగ్లీషు 'ఏఆమ్' కూడా ఆ ఇంటివే. ఐర్లండులో అదే ధాతువు తిరగబడి మనవణ్ని సూచించింది. ఓబ్రయన్, ఓకానర్ వంటి ఇంటిపేర్ల ముందున్న 'ఓ' అదే, 'ఫలానావారి మనవడు' అని. అంటే తాత, మేనమామ, మనవడు ముగ్గురూ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నారు. చిక్కు లాటిన్‌ది మాత్రమే కాదని, దాని వేళ్లు ఇండో యూరోపియన్ కుటుంబం లోతుల్లో ఉన్నాయని దీనివల్ల తేలుతుంది. ప్రత్యయం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 'అవుంకులుస్' రూపంలో ఉన్న నకారం 'అవుస్' నుంచి నేరుగా రాదు. నకారాంతమైన మరో పాత రూపం ఒకటి ఉండి ఉండాలి, జర్మానిక్ భాషలూ దాన్నే చూపిస్తున్నాయి. కాబట్టి 'చిన్న తాత' అన్న అర్థాన్ని మరీ ముద్దుపేరుగా తీసుకోకూడదు. 'తాత వర్గానికి చెందినవాడు' అనుకోవడం భద్రం.

రోమన్లే దీనికి వివరణ వెతికారు. 2వ శతాబ్ది చివరి నిఘంటుకారుడు ఫెస్టస్ గ్రంథం 8వ శతాబ్దిలో పౌలుస్ చేసిన సంగ్రహం ద్వారా చాలావరకు మనకు దక్కింది. అందులో రెండు కారణాలున్నాయి. వరుసలో తాతలాగే దగ్గరివాడైనా తాతకున్న హక్కులు లేనివాడు కాబట్టి పేరును చిన్నది చేశారన్నది ఒకటి. తాత స్థానంలో నిలిచి అక్కచెల్లెళ్ల బిడ్డను కాపాడతాడు కాబట్టి అన్నది రెండోది. ఆధునిక పండితులు దీన్ని జానపద వ్యుత్పత్తిగా పక్కన పెట్టేశారు. నేనలా పెట్టను, రెండో కారణం దగ్గరికి మళ్లీ వస్తాను.

19వ శతాబ్దంలో ఒక వర్గం దీన్ని మాతృస్వామ్యపు అవశేషంగా చూసింది. పండితుడు బాఖోఫెన్ 1861లో 'మాతృహక్కు' గ్రంథం రాశాక ఆ గాలి గట్టిగా వీచింది. క్రీ.శ. 98 నాటి 'జెర్మానియా'లో టాసిటస్ చెప్పిన ఒక విషయం వాళ్లకు ప్రధాన ఆధారం: జర్మన్ తెగల్లో అక్కచెల్లెళ్ల కొడుకులు తండ్రికి ఎంతో మేనమామకూ అంత ప్రియమైనవారట. కానీ అదే అధ్యాయంలో టాసిటస్ ఆస్తి మాత్రం సొంత కొడుకులదేనని చెబుతాడు. ప్రేమకూ వారసత్వానికీ మధ్య ఉన్న తేడాను ఆ సిద్ధాంతం మరిచింది. దాని మీద ఎక్కువసేపు నిలవనక్కరలేదు.

ఎక్కువసేపు నిలవాల్సింది ఫ్రెంచి భాషావేత్త ఎమీల్ బెన్‌వెనిస్ట్ వాదం దగ్గర. 1969లో వచ్చిన ఇండో యూరోపియన్ సంస్థల పదకోశంలో ఆయన ఈ చిక్కును మేనరికంతో విప్పబోయాడు. తెలుగువాళ్లకు ఇది వేలిమీద లెక్కే. నాన్న తన మేనత్త కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు అనుకుందాం. అప్పుడు నాన్నవాళ్ల నాన్న మా అమ్మకు మేనమామ అవుతాడు. నాకు తాత, అమ్మకు మామ, ఇద్దరూ ఒకే మనిషి. బెన్‌వెనిస్ట్ ప్రకారం 'అవుస్' మొదట్లో ఈ మనిషిని అమ్మ వైపు నుంచి చూసి పెట్టిన పేరు, 'అమ్మ మేనమామ' అని. అతని మేనల్లుడు, అంటే అమ్మ తమ్ముడు, 'చిన్న అవుస్' అవుతాడు. మేనరికపు పెళ్లిళ్లు ఆచారంగా ఉన్న సమాజంలో తాత, మేనమామ ఒకే మాటలో కలవడం సహజమని ఆయన వాదన.

వాదం చాలా అందంగా ఉంది. అందుకే దీన్ని మేనరికం నిజంగా ఉన్న చోట పరీక్షించాలి. 1871లో అమెరికన్ పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ ప్రపంచ బంధుత్వ వరుసల పట్టికలు అచ్చువేసినప్పుడు తమిళం, కన్నడంతోపాటు తెలుగు వరుసలనూ చేర్చాడు. 1981లో థామస్ ట్రౌట్‌మన్ 'ద్రవిడ బంధుత్వం' అనే గ్రంథంలో వాటి వెనుక తర్కాన్ని విప్పి చూపాడు. మేనరికం ఉన్న భాష ఎలా ఉంటుందో చూడండి. అమ్మ తమ్ముడూ మామే, పిల్లనిచ్చినవాడూ మామే. నాన్న అక్కా అత్తే, మొగుడి తల్లీ అత్తే. అక్క కొడుకు మేనల్లుడు, కూతురి మొగుడు అల్లుడు. మేనత్త కొడుకూ బావే, అక్క మొగుడూ బావే. అంటే మేనరికం ఒక్క మాటలో దాగి కూర్చోదు. అన్ని వరుసల్లోకీ పాకుతుంది, రక్తసంబంధాన్నీ పెళ్లి సంబంధాన్నీ ఒకే పేరుతో కలిపేస్తుంది.

లాటిన్‌లో ఇలాంటిది ఒక్కటీ లేదు. పిల్లనిచ్చిన మామ 'సొకెర్', అతనికీ అవుంకులుస్‌కూ పేరులో పొత్తు లేదు. అత్తగారు 'సొక్రుస్', అమితాతో కలవదు. అల్లుడు 'గెనెర్', కోడలు 'నురుస్', అన్నీ విడివిడిగా నిలబడ్డాయి. మేనరికం ఆ సమాజానికి వెన్నెముకగా ఉండి ఉంటే తాత, మామల జంటలో మాత్రమే జాడ వదిలి మిగతాచోట్ల పూర్తిగా తుడిచిపెట్టుకుపోవడం నమ్మశక్యం కాదు.

ఆచారం కూడా ఎదురు సాక్ష్యమే చెబుతుంది. క్రీ.పూ. 171లో సైన్యంలో చేరికల సందర్భంగా స్పూరియస్ లిగుస్తీనస్ అనే పాత సైనికుడు రోమ్ ప్రజల ముందు తన జీవితం చెప్పుకున్నట్టు లివీ చరిత్రలో ఉంది. అతని తండ్రి అతనికి చేసింది తన సొంత అన్నదమ్ముడి కూతుర్ని. మనకది అన్నాచెల్లెళ్ల వరుస. క్రీ.శ. 49లో క్లాడియస్ చక్రవర్తి సొంత అన్న జెర్మానికస్ కూతురు అగ్రిప్పీనాను పెళ్లాడటానికి సెనేటు చేత అనుమతి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత రోమన్ చట్టంలో అన్నదమ్ముల కూతుర్ని చేసుకోవచ్చు, అక్కచెల్లెళ్ల కూతుర్ని చేసుకోకూడదు అన్న నియమం నిలిచింది. న్యాయవేత్త గాయుస్ 2వ శతాబ్దిలో దీన్ని స్పష్టంగా రాశాడు. ఆంధ్ర, తెలంగాణల్లో చాలా కులాల్లో అక్క కూతుర్ని చేసుకోవడం పాత ఆచారం, అన్న కూతుర్ని అనడమే మహాపాపం. రెండు వ్యవస్థలూ సరిగ్గా ఒకదానికొకటి ఎదురు. బెన్‌వెనిస్ట్ ఊహించిన రోమన్ పూర్వీకులు మనలాంటివాళ్లు కావాలి. దొరికిన సాక్ష్యాల్లో వాళ్లు అలా లేరు.

మరో వాదం ఒమాహా పద్ధతిది. ఉత్తర అమెరికాలోని ఒమాహా తెగ వరుసల్లో అమ్మ పుట్టింటి మగవాళ్లంతా తరాలతో నిమిత్తం లేకుండా ఒకే పేరు కింద వస్తారు. దీన్ని 1960లలో మానవశాస్త్రవేత్తలు లౌన్స్‌బరీ, పాల్ ఫ్రీడ్రిక్ ఇండో యూరోపియన్‌కు వర్తింపజేశారు. తాత, మేనమామ ఒకటైతే అటువైపు మనవడు, మేనల్లుడు ఒకటి కావాలి, లాటిన్ 'నెపోస్' నుంచే ఇంగ్లీషు 'నెఫ్యూ' వచ్చింది కాబట్టి లెక్క సరిపోయిందన్నారు. 1976లో డచ్ పండితుడు బేకెస్ దీనికి గట్టి జవాబిచ్చాడు. ప్రాచీన లాటిన్‌లో నెపోస్ అంటే మనవడే, మేనల్లుడనే అర్థం సామ్రాజ్య కాలంలో గానీ స్థిరపడలేదు. సంస్కృత 'నపాత్' కూడా మనవడి వైపే మొగ్గుతుంది.

బేకెస్ వ్యాసం వచ్చిన పత్రిక సంపుటంలోనే యాన్ బ్రెమ్మర్ అనే పండితుడు మరో దారి చూపాడు. ప్రాచీన యూరప్‌లో పిల్లల్ని అమ్మ పుట్టింట పెంచడం విస్తారంగా ఉండేది. ఆ ఇంట్లో పిల్లాడి కంటికి ఇద్దరు పెద్ద మగవాళ్లు కనిపిస్తారు: తాత, తాత పోయాక ఆ స్థానంలోకి వచ్చే మేనమామ. ఇద్దరి పాత్రా ఒకటే, కాబట్టి మాటా ఒకటే. దీనికి ఉదాహరణలు పుష్కలం. ఇంగ్లీషు ఆదికావ్యం 'బేవుల్ఫ్' నాయకుడు ఏడేళ్ల వయసు నుంచి అమ్మవాళ్ల నాన్న హ్రేతెల్ కొలువులో పెరుగుతాడు, తర్వాత మేనమామ హ్యుగెలాక్‌కు అండగా నిలుస్తాడు. ఐరిష్ వీరుడు కూహులిన్ మేనమామ కోన్‌హోవర్ ఇంట పెరుగుతాడు. ఫ్రెంచి గాథల రోలాండ్ షార్లమాన్‌కు మేనల్లుడు, గావెయిన్ ఆర్థర్ రాజుకు మేనల్లుడు. హోమర్ 'ఒడిస్సీ'లో ఒడిస్యూస్ కాలి మచ్చ పడింది తాత ఆటోలికస్ ఇంటికి వెళ్లి మేనమామలతో కలిసి అడవిపంది వేటాడినప్పుడే.

నాకు ఈ వివరణే నిలబడేదిగా తోస్తుంది. పెళ్లి నియమాల మీద ఆధారపడదు, పెంపకం మీద ఆధారపడుతుంది. ఊహించిన సమాజం అక్కర్లేకుండా కథల్లో, చరిత్రలో కళ్లెదుట ఉన్న ఆచారంతోనే పనిచేస్తుంది. పైగా 'తాత స్థానంలో నిలిచి కాపాడేవాడు' అన్న ఫెస్టస్ మాట దీనికి చాలా దగ్గర. అనాథ కేటో, మిసేనంలో చిన్న ప్లినీ ఇద్దరూ ఈ వివరణలోనే ఇమిడిపోతారు. మేనరికంలో గానీ ఒమాహాలో గానీ వాళ్లకు చోటు లేదు.

ఈ విశేషణానికి చుట్టంగా మానవశాస్త్రంలో 'అవంక్యులేట్' అనే మాట పుట్టింది, మేనమామ మేనల్లుళ్ల ప్రత్యేక బంధానికి పేరుగా. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1924లో మొజాంబిక్ ప్రాంతపు తోంగాల గురించి రాసిన వ్యాసం దీనికి పునాది. అక్కడ మేనల్లుడు మేనమామ దగ్గర ఎంత చనువైనా తీసుకోవచ్చు. 1945లో లెవీ స్ట్రాస్ దీన్ని విస్తరించి ఒక సూత్రం చేశాడు: తండ్రి దగ్గర భయముంటే మామ దగ్గర చనువు, తండ్రి దగ్గర చనువుంటే మామ దగ్గర భయం. మలినోవ్‌స్కీ చూసిన ట్రోబ్రియాండ్ దీవుల్లో మేనమామదే పెత్తనం, తండ్రి ఆటపాటల తోడు. మన పొరుగున కేరళలో నాయర్ల ఉమ్మడి కుటుంబాలైన తరవాడుల్లో కారణవరుగా, అంటే ఇంటి పెద్దగా ఉన్న మేనమామ మాటే చెల్లేది, 1975 నాటి చట్టంతో ఆ ఉమ్మడి వ్యవస్థకు చట్టబద్ధంగా తెరపడింది. అక్కడి పాతతరం మేనల్లుడికి 'అవంక్యులర్' అంటే దయగలవాడని చెబితే ఒప్పుకునేవాడు కాడు. మన పురాణాల్లో కంసుడూ మేనమామే, శకునీ మేనమామే. రోహిణిలో బిడ్డ పుడితే మేనమామకు గండమని భయపడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అదే ఇళ్లలో బిడ్డ చెవులు కుట్టించేది మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే, పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చేదీ మేనమామే. కాబట్టి దయ అనేది రక్తసంబంధంలో పుట్టిన గుణం కాదు, పెత్తనం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి వచ్చేది. ఇంగ్లీషు విశేషణంలో మిగిలిన దయ పత్రుఉస్ చేతిలో అధికారం పెట్టిన రోమన్ ఇంటి నుంచి వచ్చింది.

ఆడవైపు మాటలకు ఇంగ్లీషులో అదృష్టం తక్కువ. మాతెర్తెరా నుంచి 'మెటర్టెరల్' అని పిన్నిలాంటి స్వభావానికి ఒక విశేషణం తయారైంది గానీ అరుదైన పదాల జాబితాల్లో తప్ప కనిపించదు. అమితా నుంచి వచ్చిన 'అమిటేట్' మేనత్త బంధానికి పేరుగా మానవశాస్త్ర గ్రంథాల గడప దాటలేదు. రోమన్ పిల్లల్ని సాకిన పిన్నులు, మేనత్తలు తక్కువేం కాదు.  విశేషణం మాత్రం మగవాడికే దక్కింది.

తెలుగులోకి అనువదించేటప్పుడు ఇదంతా అక్కరకొస్తుంది. వార్తాహరుడి గురించో న్యాయమూర్తి గురించో రాసిన చోట 'పెద్దదిక్కులా ఆప్యాయంగా' అంటే చాలు, అక్కడ మేనమామను లాక్కురానక్కర్లేదు. ప్లినీ ఉత్తరాల్లోనో రోలాండ్ గాథలోనో వచ్చినప్పుడు 'మామయ్య' అని తప్ప మరోలా రాయకూడదు, అక్కడ ఆ వరుస కథకే ప్రాణం. క్లాడియస్, అగ్రిప్పీనాల పెళ్లి కథలో ఇంగ్లీషు పుస్తకం 'అంకుల్' అంటే అనువాదకుడు ఆగి చూసుకోవాలి. అతను ఆమెకు నాన్న తమ్ముడు, తెలుగులో బాబాయి. 'మేనమామ' అని రాస్తే తెలుగు పాఠకుడికి అది మామూలు సంబంధంలా వినిపిస్తుంది, రోమ్ ఎందుకు నిర్ఘాంతపోయిందో, సెనేటు చేత ప్రత్యేకంగా ఎందుకు ఒప్పించుకోవాల్సి వచ్చిందో అతనికి అర్థం కాదు.